జానెడు దూరంలో

కెమెరా నా బావమరిది ఇచ్చాడు. అరచేతిలో ఇమిడిపోయే చిన్న డిజిటల్ కెమెరా. ఇస్తూ, "అన్నీ అదే చూసుకుంటుంది బావా. నువ్వు వేలు అడ్డం పెట్టకపోతే చాలు" అన్నాడు. వాళ్లక్కని నాకిచ్చిన నాటినుంచీ నా గురించి వాడి అభిప్రాయం ఇదే.

నేను నేర్చుకున్నది ఒక్కటే. బటన్ సగం నొక్కితే తెర మీద చిన్న చట్రం కనిపిస్తుంది. అది ఆకుపచ్చగా మారి కెమెరా కిచుమంటే ఫోకస్ అందినట్టు, ఎర్రగా ఉంటే అందనట్టు. అందిన తర్వాత పూర్తిగా నొక్కాలి. ఏ పనైనా సగంలో ఆపడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య కనక ఇది ఇట్టే పట్టుబడింది.

ఆరోజు పని కూడా చిన్నదే. మేముండేది ఒంటి గది. మా ఆవిడకి ఏడో నెల. మొదటిసారి నిలవలేదు. ఈసారి మంచం దిగొద్దంది డాక్టరమ్మ. అందుకని అద్దెకి దొరికిన ఇంటిని నేను ఫొటోలు తీసుకొస్తే, తను పడుకునే చూసి సరేననాలి.

"లోపలి గది బాగా తియ్యండి. అది వీడిది" అంటూ పొట్ట నిమురుకుంది. "పొద్దుట్నుంచీ ఒకటే తన్నుడు. మీకన్నా చురుకు."

ఇంటావిడ తాళం నా చేతిలో పెట్టి, మోకాళ్ల నొప్పులంటూ మెట్ల దగ్గరే ఆగిపోయింది. నేను పైకెక్కాను. ముందు గదీ వంటగదీ చూసి, లోపలి గది తలుపు తోశాను.

మిట్టమధ్యాహ్నం. అయినా అక్కడ చీకటి. కిటికీ లేదు, కరెంటు ఇంకా ఇవ్వలేదు. విరిగిపోయిన పాల వాసన. ఎక్కడో గోడలో నీళ్లు జారుతున్న చప్పుడు. కెమెరా లేని నా పాత ఫోను వెలుగులో పైకి చూస్తే ఉయ్యాల కట్టుకునే కొక్కెం కనిపించింది. ముచ్చటపడ్డాను కూడా.

ఫ్లాష్ వేసి, కెమెరా ఎత్తి, సగం నొక్కాను. చట్రం ఆకుపచ్చబడింది. కిచ్. పూర్తిగా నొక్కాను. గది భగ్గున వెలిగి ఆరింది. ఖాళీ గోడలు, కొక్కెం... నా కళ్లతో చూశాను. ఫొటోలో మాత్రం ఏమీ లేదు. సున్నం కొట్టినట్టు ఒకటే తెలుపు.

మళ్లీ తీశాను. తెలుపే.

బావమరిదికి ఫోన్ చేశాను. ఎందుకో గొంతు దానంతటదే తగ్గింది.

"ఫొటోలు తెల్లగా వస్తున్నాయిరా."

"ఫ్లాష్ మరీ దగ్గర్లో ఉన్నదాని మీద పడితే అంతే బావా. వెనక్కి జరుగు."

జరిగి తీశాను. తెలుపు. ఇంకా జరిగాను. వీపుకి గోడ తగిలింది. చల్లగా ఉంది. తెలుపు.

"దగ్గర్లో ఏమీ లేదురా. గది ఖాళీ."

"తెర మీద పువ్వు గుర్తుందా?"

ఉంది. జేబులో ఎక్కడో నొక్కుకుపోయినట్టుంది.

వాడు నవ్వాడు. "అది పువ్వుల్నీ పురుగుల్నీ తీసే సెట్టింగు. జానెడు లోపల ఉంటేనే అందుకుంటుంది. నువ్వు తీసేది గోడని. అందదు, చట్రం ఎర్రగా ఉంటుంది. ఉందా?"

సగం నొక్కి చూశాను.

కిచ్.

"ఆకుపచ్చగా ఉందిరా..."

"వేలు అడ్డం ఉందేమో చూసుకో బావా" అన్నాడు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

నా వేళ్లన్నీ కెమెరా వెనకే ఉన్నాయి.

పాల వాసన... ఇప్పుడు నా మొహానికి వెచ్చగా తగులుతోంది.

ఎలా దిగానో తెలీదు. తాళం ఇంటావిడ చేతిలో పడేశాను. ఆవిడ ఏమైందని అడగలేదు. నా ఎడంచేతి వైపు ఓసారి చూసి, లోపలికెళ్లి తలుపేసుకుంది. దారి పొడుగునా ఆ చెయ్యి ఒకటే లాగేసింది. భయానికి కాళ్లు పీకాలి కానీ నాకు అన్నీ తేడానే కదా, చెయ్యి పీకుతోందనుకున్నాను.

"ఇల్లు బాలేదు. చెమ్మ" అన్నాను మా ఆవిడతో. తను కెమెరా లాక్కుని ఆ తెల్ల ఫొటోలు చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. "ఇంత బాగా తీశారేంటండీ? ఫ్లాష్ ఆపి నన్నొకటి తియ్యండి చూద్దాం."

తియ్యకూడదనుకున్నాను. కానీ తప్పు కెమెరాదేనని తేలితే ప్రాణం కుదుటపడుతుంది. ఇక్కడ పట్టపగటి వెలుతురుంది. మంచానికెదురుగా కుర్చీలో కూర్చుని, ఫ్లాష్ ఆపి, పువ్వు గుర్తు అలాగే ఉంచి, సగం నొక్కాను. తను అంత దూరంలో ఉంది. ఎర్రగా రావాలి.

కిచ్.

ఫొటోలో మా ఆవిడ మసకమసగ్గా ఉంది. ముందు, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా... ఒక చిన్న తల వెనక భాగం. పలచటి జుట్టు. చంకనెత్తుకున్న పిల్లలు అటు తిరిగితే మనకెలా కనిపిస్తారో, అలా.

అది మా ఆవిడ వైపు చూస్తోంది.

ఇంకోటి తియ్యబోయాను. చట్రం ఎర్రగా ఉంది. ఎంత నొక్కినా ఎర్రగానే ఉంది. జానెడు దూరంలో ఇప్పుడేమీ లేదు.

నా ఎడంచెయ్యి తేలికైంది.

"ఇదిగో" అంది మా ఆవిడ, పొట్ట మీద చెయ్యేసుకుని మెల్లగా. "ఇంతసేపూ తన్నుతూనే ఉన్నాడా... ఉన్నట్టుండి సద్దుమణిగాడు చూడండి."

తర్వాత ముక్కు ఎగబీల్చింది.

"ఏమండీ, పాలు విరిగాయా?"