సొరుగులోని స్క్రూడ్రైవర్

మా మరిదికి దేవుడు అన్నీ ఇచ్చాడు గానీ, "తప్పు నాది" అని పలికే నాలుక ఇవ్వలేదు. పాలు పొంగిపోతే తప్పు పొయ్యిది. బస్సు తప్పిపోతే గడియారానిది. నేనీ ఇంటికి కోడలిగా వచ్చి ఆరేళ్లయింది. అతను ఒప్పుకున్న తప్పు ఒక్కటీ లేదు.

అతను ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో బొమ్మల సినిమాలు చేస్తాడు. ఈమధ్య బొమ్మలో వివరాలు ఎక్కువై కాస్త బరువైతే చాలు, కంప్యూటర్ టప్పున ఆరిపోతోంది. బొమ్మలు చూపించే గ్రాఫిక్స్ కార్డు పోయిందని తనే తీర్పు చెప్పేసి, మోయడానికి తోడుగా నన్ను వెంటబెట్టుకుని రిపేరు షాపుకు వెళ్లాడు.

బల్ల దగ్గర మెకానిక్ ఒక అమ్మాయి. చెవి వెనక టెస్టర్ దోపుకుని ఉంది. కార్డు బాగానే ఉన్నా, దానికి కరెంటు అందించే పవర్ సప్లై నీరసిస్తే ఇలాగే ఆరిపోతుందని చెప్పింది.

"వేరే పవర్ సప్లై పెట్టి చూశారా?"

మావాడు ఆమె కళ్లలోకి చూశాడు. అక్కడే చెడింది.

"చూశానండీ. అయినా అంతే."

కంప్యూటర్ విప్పడానికి మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్క్రూడ్రైవర్ నా కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. ఆ వారమంతా అది అంగుళం కదల్లేదు. నలుగురిలో మరిది పరువు తీయడమెందుకని ఊరుకున్నాను.

ఆమె నమ్మింది. చీటీ మీద "కార్డులో లోపం" అని రాసి, మార్చి ఇమ్మని కార్డును కంపెనీకి పంపింది.

తర్వాతి పది రోజుల్లో మావాడు కార్డు సంగతి కనుక్కోవడానికి ఏడుసార్లు వెళ్లాడు. ఫోన్ చేస్తే సరిపోదా అంటే, ఫోన్‌లో సరిగా వినపడదన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుంటే వినికిడి ఎలా మెరుగవుతుందో నాకు మాత్రం అర్థం కాలేదు.

పదకొండో రోజు మొహం వేలాడేసుకుని వచ్చాడు. కార్డులో ఏ లోపమూ లేదని కంపెనీ తిప్పి పంపిందట. పరీక్షించకుండా రాసిందని ఓనరు ఆమె టెస్టర్ లాక్కుని, ఫోన్లెత్తే కౌంటర్లో కూర్చోబెట్టాడట. ఆమె ఇతనివైపు కన్నెత్తి కూడా చూడలేదట.

"ఆ పనంటే ఆమెకి ప్రాణం వదినా."

నేను సొరుగు లాగి, స్క్రూడ్రైవర్ తీసి అతని ముందు పెట్టాను.

"నీకు తెలుసా?"

"మొదటి రోజు నుంచీ."

మర్నాడు పొద్దున్నే కంప్యూటర్ మళ్లీ మోశాం. మావాడు ఓనరును బతిమాలి ఆమెను బల్ల దగ్గరికి పిలిపించాడు. ఆమె మా కార్డును షాపు కంప్యూటర్లో పెట్టింది. బరువైన బొమ్మ అరగంట హాయిగా ఆడింది. అదే కార్డు మా కంప్యూటర్లో పెడితే రెండు నిమిషాల్లో అంతా చీకటి. ఇప్పుడు షాపు పవర్ సప్లై తగిలించింది. బొమ్మ తిరుగుతూనే ఉంది, ఆగలేదు.

ఇదేదో ఆ రోజే చేసి ఉండొచ్చుగా అన్నాడు ఓనరు.

"చేయాల్సింది సార్," అంది ఆమె తలెత్తకుండా. "ఎవరు చెప్పినా నమ్మను. ఈయన చెబితే నమ్మేశాను."

మావాడి చెవులు ఎర్రబడ్డాయి. సాయం కోసం నావైపు చూశాడు. నేను సీలింగు ఫ్యానువైపు చూశాను.

"వేరేది పెట్టి చూశానని అబద్ధం చెప్పానండీ," అన్నాడు ఓనరుతో. "ఈవిడ ముందు ఏమీ తెలియనివాడిలా కనపడటం ఇష్టం లేక. తప్పు నాది."

ఓనరు జేబులోంచి టెస్టర్ తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని చెవి వెనక దోపుకుని, అప్పుడు తలెత్తింది.

"సరిగా వినపడలేదు."

"తప్పు నాదండీ," అన్నాడు మా మరిది, ఈసారి షాపంతా వినపడేలా.