నీలిగొడుగు వేదిక మీద

ఉదయం ఏడున్నరకి లంచ్ డబ్బాకి మూత పెడుతుంటే కూతురి గదిలోంచి ఆ పాట వినిపించింది. ఆమె చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మూడేళ్ళ క్రితం పోయిన భర్త గడ్డం గీసుకుంటూ కూనిరాగం తీసే పాట అది. ఒకప్పుడు ఊరూరా పేరు మోగిన నీలిగొడుగు బృందంలో అతను కీబోర్డు వాయించేవాడు. ఈ పాట మాత్రం బృందం విడిపోయాక కట్టుకున్నది. రికార్డు చెయ్యలేదు, బయట ఎక్కడా వాయించలేదు.

పిచ్చుక అని ఇంట్లో పిలుచుకునే పదిహేడేళ్ళ కూతురు కంప్యూటర్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. తెరమీద ఏదో ఆన్‌లైన్ ఆట. నీలిగొడుగు అభిమానులంతా కలిసి అందులో ఒక వేదిక కట్టుకున్నారు. దాని చుట్టూ గోడల మీద బృందం చరిత్రంతా రాశారు: మొదటి కచేరీ, మొదటి క్యాసెట్, గాయకుడు వదిలేసి పోవడం, ఆ తర్వాత బృందమే లేకపోవడం. పొగమంచులో ఒక్క బొమ్మే నిలబడి కీబోర్డు వాయిస్తోంది. ఆమె దాని తలమీద పేరు చదివింది.

'గూబ.' భర్త పెద్ద కళ్ళని వెక్కిరిస్తూ బృందంవాళ్ళు పెట్టిన పేరు.

"ఎవరది?"

"నాన్న అకౌంటు," పిచ్చుక తల తిప్పకుండా అంది.

"నాన్న లేరు కదే."

"తెలుసమ్మా. నాన్న పోయాక నెలకే మొదలైంది. రోజూ ఇదే టైముకి వస్తారు, వాయిస్తారు, వెళ్ళిపోతారు. మాట్లాడరు. ఇవాళ ఇయర్‌ఫోన్లు పాడయ్యాయి గానీ, లేకపోతే నీకు వినపడేదే కాదు."

"మూడేళ్ళుగానా? ఎవరని ఒక్కసారైనా అడగలేదా? భయం వెయ్యలేదా నీకు?"

"వేసింది." పిచ్చుక ఇప్పుడు ఇటు తిరిగింది. "అడిగితే రావడం మానేస్తారేమోనని ఇంకా ఎక్కువ వేసింది."

ఆమె ప్లగ్గు పీకబోయింది. పిచ్చుక తల్లి చెయ్యి పట్టుకుంది.

"వద్దమ్మా. నాన్న బట్టలు ఇచ్చేశావు, కీబోర్డు ఇచ్చేశావు. ఇదొక్కటీ ఉండనీ."

కళ్ళజోళ్ళ అద్దాలు అరగదీసే ఆమె చేతులు పనిలో వెంట్రుకవాసి కూడా తప్పవు. ఇప్పుడు మైకు మీట కోసం తడుముకున్నాయి.

"ఎవరు నువ్వు?"

పాట తెగిపోయింది. బొమ్మ మెల్లగా ఇటు తిరిగి, కదలకుండా నిలబడింది. స్పీకర్లోంచి ఎవరిదో ఊపిరి వినపడింది. ఆ వెంటే బొంగురుగా ఒక్క మాట వచ్చింది.

"వదినా."

ఆ గొంతుని ఆమె గుర్తుపట్టింది. మరిది. బృందాన్ని వదిలేసి పోయాడని గోడమీద రాసి ఉన్న ఆ గాయకుడు. అన్న పోయిన రోజు చూడటానికి వస్తే, ఆయన్ని నడిరోడ్డున వదిలేసి పోయినవాడివి ఇప్పుడెందుకని ఆమె వెనక్కి పంపేసింది.

"ఈ పాట నీకెలా తెలుసు?"

"అన్నయ్యే నేర్పాడు. చివరి రెండేళ్ళూ నువ్వు పనికి వెళ్ళాక ఈ ఆటలోనే కలుసుకునేవాళ్ళం. ఆస్పత్రి నుంచి పాస్‌వర్డ్ పంపాడు. పిల్ల నన్ను వెతుక్కుంటూ ఇక్కడికే వస్తుందిరా, వేదిక ఖాళీగా కనపడనివ్వకు అన్నాడు."

"నాకెందుకు చెప్పలేదు ఆయన?"

"నీ కోపం తన కోసమే కదా వదినా. అది వదిలెయ్యమని నీతో ఎలా అనాలో తెలియలేదన్నాడు."

ఆమెకి కన్నీళ్ళు ఆగలేదు. ఈ ఇంట్లోనే, తను గుమ్మం దాటాక, రెండేళ్ళపాటు ఆ మనిషి దొంగచాటుగా తమ్ముడితో సంతోషంగా ఉన్నాడు. అతను ఎప్పుడో దించేసుకున్న పగని తను ఇంకా మోస్తోంది.

"గోడమీద రాసింది అబద్ధమేం కాదు," అన్నాడు మరిది. "నేనే వదిలేసి పోయాను. ఇకమీదట రాను. పిల్లని భయపెట్టాను."

పిచ్చుక తల్లి భుజానికి మొహం ఆనించి ఏడుస్తోంది.

"ఇక్కడికి రావద్దులే," అందామె కళ్ళు తుడుచుకుంటూ. "ఇంటికి రా."



"భయంగా ఉంది వదినా."

"నాకూ భయంగానే ఉంది. అయినా రా."