పైడమ్మ ఎంపిక

"కళ్ళు మూసుకోండి పైడమ్మగారూ. నూకరత్నం పేరు చెప్పిన రోజుని గుర్తు తెచ్చుకోండి," అంది డాక్టర్ హేమలత.

ఉప్పు పండించే కొఠార్ల పక్కనే చిన్న గది. పైడమ్మ నెత్తిన బుట్టంత టోపీ. దాన్నిండా సన్నటి వైర్లు. ఎదురుగా స్క్రీన్. మనిషి ఒక సంగతి తలచుకుంటే, ఆ వేళ మనసులో ఏముందో ఆ స్క్రీన్ మీద రంగులై పొంగుతుందట. నమ్మకమైతే పచ్చగా, భయమైతే నీలంగా, అసూయైతే ఇటుకరంగుగా. నోరు దాచినా రంగు దాచదు. ఎంత విడ్డూరమో!

పైడమ్మ మాత్రం కళ్ళు మూసుకునే ముందు తలుపు వంక చూసింది. తలుపవతల నూకరత్నం నిలబడి ఉంది మరి.

ఏడాది కిందట ఈ డాక్టరమ్మే ఉప్పు కొఠార్లకి చేతిపట్టీలు పట్టుకొచ్చింది. నాయకుల్ని తయారుచేయగలమా లేదా అని తేల్చే పరీక్ష. మనిషి తటపటాయించినప్పుడల్లా పట్టీ చిన్న కరెంటు పంపి ధైర్యం పుట్టిస్తుంది. పనివాళ్ళ ముఠాకొకరి పేరు మేస్త్రీయే చెప్పాలి. నెగ్గినవాళ్ళే కొత్త మేస్త్రీలు.

అప్పటికి ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ మేస్త్రీ పైడమ్మే. నలభై మంది ఆడవాళ్ళలో వెతికి వెతికి నూకరత్నం పేరు చెప్పింది. దాహమేసినా నీళ్ళడగడానికి సిగ్గుపడే మనిషి! పట్టీ కట్టినా పది రోజుల్లో ఏడ్చి పారిపోతుంది, తన మేస్త్రీతనం తనకుంటుంది. అదీ ఆవిడ ఎత్తు.

నూకరత్నం పారిపోలేదు. మొదట్లో నలుగురినీ అడిగి పని చెప్పేది. పోనుపోను తనే చెప్పసాగింది. పైడమ్మ గట్టు మీద నిలబడి అరిచి చేయించే పని, నూకరత్నం ఉప్పు మడిలో దిగి పక్కన నిలబడి చేయించింది. ఆ ఏడు వాన కంటే ముందే ఉప్పంతా కుప్పకెక్కింది.

పరీక్ష అయిపోయి పట్టీలు తీసేశారు. మిగతా కొఠార్ల వాళ్ళంతా పట్టీ ఊడగానే ఎప్పటి మనుషులైపోయారు. నూకరత్నం ఒక్కతే నిలబడి కొత్త మేస్త్రీ అయింది. తీరా చూస్తే ఆమె పట్టీలో కరెంటే లేదు! పోల్చి చూసుకోవడానికి ఒక ముఠాకి డాక్టరమ్మ ఉత్త పట్టీ ఇచ్చిందట.

"మరెలా మారావమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే నూకరత్నం ఒకటే మాటంది.

"నలభై మందిలో పైడమ్మత్త నన్ను నమ్మిందండీ. ఆవిడ మాట పోనివ్వకూడదు కదా."

అందుకే ఇవాళ ఈ టోపీ. ఆ నమ్మకం ఎలా ఉంటుందో పట్టుకుంటే, దాన్ని పట్టీల్లో పెట్టి ఊరూరా నాయకుల్ని తయారుచేయొచ్చని డాక్టరమ్మ ఆశ.

స్క్రీన్ నిండింది. ఈ అంచు నుంచి ఆ అంచుకి ఇటుకరంగు. పచ్చ చుక్క ఒక్కటీ లేదు.

డాక్టరమ్మ వైర్లు సర్దింది. "ఎక్కడో తేడా ఉంది. ఇంకోసారి చూద్దాం."

"మిషన్లో తేడా లేదమ్మా." పైడమ్మ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "తలుపు తీయండి. నూకరత్నం కూడా వినాలి."

నూకరత్నం నవ్వుతూ వచ్చింది. "ఏం కనబడిందత్తా?"

ఆ నవ్వు వంక చూడలేకపోయింది పైడమ్మ. "నీ చేత కాదనే నీ పేరు చెప్పానే. నువ్వు ఓడిపోవాలని చెప్పాను."

నూకరత్నం మొహం పాలిపోయింది. "జ్వరమొచ్చిన రోజు కూడా పని మానలేదత్తా, నీకు తలవంపులని," అంది మెల్లగా.

"చూస్తూనే ఉన్నాను. చూసి కూడా నోరు విప్పలేదు."

బయట సముద్రం పోటుకొచ్చిందని సైరన్ మోగింది. సముద్రపు నీళ్ళు మడుల్లోకి వదిలే తూము దగ్గర ముఠా అంతా కాచుకుని ఉంది. నూకరత్నం అటు వెళ్ళిపోయింది.

పైడమ్మ చెవులు రిక్కించింది. బయట చప్పుడు లేదు. పిల్ల గొంతు పడిపోయిందేమో. ఇన్నాళ్ళూ ఆ పిల్లని నిలబెట్టిన ఒక్క అబద్ధాన్నీ తానే లాగేసిందేమో. చెప్పకుండా ఉన్నా పాపమే, చెప్పినా పాపమే అయింది.

అంతలో వినబడింది. "సన్నెమ్మా, తూము నువ్వు చూడు. చిట్టీ, గట్టు తెగినచోట మట్టెయ్." గొంతు కాస్త వణికి, సర్దుకుంది. "రెండో మడిలో నీళ్ళెంతవరకు నిలపాలో... లోపలికెళ్ళి పైడమ్మత్తని పిలవండే. ఆ పని ఆవిడకి తెలిసినట్టు మనలో ఎవరికీ తెలీదు."

సన్నెమ్మ గుమ్మంలోకొచ్చి పిలిచింది. రెండుసార్లు పిలిచింది. ఓడిపోవాలని తను కోరుకున్న పిల్లే తనని నమ్మి పిలుస్తోంటే, పైడమ్మ టోపీ ఒళ్ళో పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.