ముట్టుకోవద్దన్న ఇల్లు

ఆ స్టూడియోలో వెనక షెడ్డులో ఒక ఇల్లుంది. ఇల్లంటే ఉండే ఇల్లు కాదు. గోడలు ప్లైవుడ్డువి, కిటికీ అవతల ఆకాశం గుడ్డ మీద వేసింది, తలెత్తి చూస్తే కప్పుండదు, లైట్లు వేలాడే ఇనుప కడ్డీలు తప్ప. ఎప్పుడో ఒక టీవీ సీరియల్ కోసం వేసిన సెట్టు. అయినా చీకటి పడ్డాక ఆ షెడ్డులోకి వెళ్ళమంటే, తెర మీద పదిమందిని ఒంటిచేత్తో కొట్టే ఫైటర్లకు కూడా ఉన్నట్టుండి కడుపునొప్పి వచ్చేది.

ఎందుకంటారా? చెబుతాను. ఆ వెనకున్నవాళ్ళు కాస్త ముందుకు జరగండి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

ఆ ఇంట్లో ఏ వస్తువు కదిపినా... మళ్ళీ దాని చోటికి అది వచ్చేస్తుందట.

సబ్బుల కంపెనీ యాడ్ తీసినవాళ్ళు గోడ గడియారం తీసి పెట్టెలో దాచారు. తెల్లారి చూస్తే గోడ మీద ఉంది. ఇంకెవరో కుర్చీ జరిపి, భోంచేసి వచ్చేసరికి అది పాతచోటే, అదే ఒరుగుతో కూర్చుంది. అప్పట్నుంచి ఆ షెడ్డుకి తాళం.

ఇక మన రంగులక్క సంగతి. సెట్లకు రంగులు వేసీ వేసీ ఆ పేరు పడింది. ఇన్నాళ్ళూ ఒకరి చేతికింద పనిచేసింది. ఆ స్టూడియో పొట్టకూటికి కంపెనీల యాడ్లూ, టీవీ వాళ్ళ సీరియళ్ళూ తీసేది గానీ, గుండెల్లో ఉన్నది సొంత సినిమా. అది ఇన్నాళ్ళకు మొదలవబోతోంది. బాసు అక్కను పిలిచి, మిక్సీ కంపెనీ వాళ్ళ యాడ్‌కి ఒక కొత్త కాపురం వంటిల్లు వేయమన్నాడు. అది కుదిరితే సినిమాలో సెట్లన్నీ ఆమెవే. కుదరకపోతే బయట్నుంచి మనిషిని తెస్తానన్నాడు. మొహమాటం లేని మనిషి.

అక్క ముందువైపు షెడ్డులో వంటిల్లు ముచ్చటగా వేసింది. ఆ సాయంత్రం పైన నీళ్ళ గొట్టం పగిలి, కొత్త కాపురం కాస్తా మునిగిపోయింది. నటించే అమ్మాయికి తీరికున్నది మర్నాడు పొద్దున్న మాత్రమే.

మిగిలింది ఒక్కటే ఇల్లు... వెనక షెడ్డులో.

తోడు ఎవరొస్తారు? ఎవరూ రాలేదు, మేనమామ తప్ప. ఆయన స్టూడియో వడ్రంగి. మేనకోడలు కదా, తప్పించుకోలేకపోయాడు. దారి పొడుగునా, నాకు బీపీ ఉంది, మీ అత్తకు నేనొక్కణ్ణే మొగుణ్ణి, అని గొణుగుతూనే వచ్చాడు.

తాళం తీశారు. అక్క గడప దగ్గర ఆగి, కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. దణ్ణం పెట్టి అడుగు పెట్టినవాళ్ళను ఆయన ఎప్పుడూ ఒంటరిగా వదలడు. ఆ నమ్మకంతోనే లైటు వేసింది.

దుమ్ము కొట్టుకుపోయిన ముందుగది, ఓ మూల పెద్ద బల్ల. మధ్యలో పెద్ద టేకు కుర్చీ, దాని చేతి మీద శాలువా, పక్కన చిన్న బల్ల, బల్ల మీద గాజు గ్లాసు. అన్నిటి మీదా దుమ్ముంది. గ్లాసు మీద... లేదు.

మామ అది వేలితో చూపించాడు. అక్క చూడనట్టే నటించింది.

ఆ గదినే వంటిల్లుగా మార్చాలని ఇద్దరూ కలిసి కుర్చీని గోడ వారకి ఈడ్చారు. శాలువా మడతపెట్టి, గ్లాసు బోర్లించి పక్కన పెట్టారు. తర్వాత అరలు తేవడానికి బయట వ్యాను దగ్గరికి వెళ్ళారు. అరలు మోసుకుని, చెమటలు కక్కుతూ లోపలికొచ్చారు...

కుర్చీ గది మధ్యలో ఉంది.

శాలువా చేతి మీద ఉంది. బల్ల మీద గ్లాసు. గ్లాసులో సగం దాకా టీ. దాని మీంచి సన్నగా... పొగ.

మామ అర కింద పెట్టలేదు. అది చేతుల్లో ఉండగానే వంగి వాసన చూశాడు.

"అల్లం కూడా వేశారే," అన్నాడు నీరసంగా.

అక్క అరలు పక్కన పెట్టింది. పళ్ళు బిగించి మళ్ళీ అన్నీ జరిపింది. మామ అరలు బిగిస్తూ ఒక్కో మేకుకి ఒక్కో దేవుడి పేరు తలుస్తున్నాడు. మేకులు అయిపోయినా పేర్లు ఆగలేదు. వంటింటి గోడకి రంగు వేసి ఇటు తిరిగితే ఏముందీ... మళ్ళీ కుర్చీ, శాలువా, పొగలు కక్కే టీ.

మామ ఇక ఇంటికి పోదామన్నాడు. ప్రాణముంటే పెంట్‌హౌసుకైనా రంగులు వేసుకోవచ్చన్నాడు. అక్కకు మాత్రం ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళు ఒకరు గీసిన గోడలకు రంగు కొట్టింది. మొదటిసారి గోడ తనది, అదీ చేజారిపోతోంది. ముక్కు తుడుచుకుని, దొంగైతే పట్టుకుందాం, దెయ్యమైతే కాళ్ళు పట్టుకుందాం అంటూ లైటు ఆర్పమంది.

చీకటి. ఇద్దరూ గోడ వెనక నక్కారు.

ఎంతసేపో గడిచింది. అప్పుడు షెడ్డు వెనకవైపు తలుపు... కిర్రుమంది.

టక్... టక్... నేల మీద ఏదో తట్టిన చప్పుడు. సన్నటి వెలుగొకటి గాల్లో తేలుతూ వచ్చి గ్లాసు మీద వాలింది. ఆ వెలుగు వెనక నుంచి ఒక గుసగుస.

"కుర్చీ... ఇంకాస్త కుడికి."

కుర్చీ కాళ్ళు నేలమీద రాసుకున్న చప్పుడు.

"ఆ... అంతే. శాలువా కొంచెం కిందికి."

మామ అక్క చెయ్యి పట్టుకున్న పట్టుకు ఆమె గాజు చిట్లింది. అక్క ఒక్క ఉదుటున లేచి లైటు వేసింది.

గుమ్మంలో ఒక ముసలావిడ. ఒక చేతిలో కర్ర, ఒక చేతిలో టార్చి, మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు. లైటు కళ్ళలో పడి విసుగ్గా మొహం పెట్టింది.

"పిన్నిగారూ... మీరా," అన్నాడు మామ, ఆ నిలబడ్డచోటే కూలబడి.

ఆవిడ బాసుకి సొంత పిన్ని, స్టూడియో అంతటికీ పిన్నిగారే. కంటిన్యుటీ చూసేది. అంటే ఈ షాట్‌లో గ్లాసు ఎక్కడుందో, తర్వాత షాట్‌లోనూ అక్కడే ఉందా అని కాపలా కాసే పని. పని మానేశాక షెడ్డు వెనక చిన్న గదిలో ఉంటోంది. నిద్ర పట్టదు. పట్టనప్పుడు లేచి ఇలా వస్తుందట.

అక్కకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఊరంతా వణికిన దెయ్యం ఇదా! ఎందుకు పిన్నిగారూ ఇదంతా అని అడిగింది. ఆవిడ వింతగా చూసింది.

"షాట్ సగంలో ఉందిగా తల్లీ. తల్లి ఎదురుచూస్తోంది, కొడుకు తలుపు కొట్టాలి. భోజనాలకని ఆపారు. షాట్ మధ్యలో ఉన్న సెట్టు ముట్టుకోవచ్చా?"

జరిగిందదీ. ఆ భోజనాల వేళే టీవీ వాళ్ళు సీరియల్ ఆపేశామని ఫోను చేశారు. తిన్నవాళ్ళు తిన్నట్టే ఇళ్ళకు పోయారు. షాట్ మిగిలి ఉంటే సెట్టు మీద ఈగ కూడా వాలకూడదు, వదిలేశామని ఎవరో ఒకరు నోటితో చెప్పేదాకా. అది వాళ్ళ పనిలో కట్టుబాటు. ఆ ఒక్క మాటా చెప్పడం అందరూ మరిచిపోయారు. పిన్నిగారు ఆ మాట కోసం ఇంకా ఎదురుచూస్తోంది.

"మరి ఇప్పుడు ఎవరు చెప్పాలి పిన్నిగారూ?"

"ఇల్లు ఎవరి చేతిలో ఉంటే వాళ్ళు."

అక్క మామ వైపు చూసింది. మామ అక్క వైపే చూస్తున్నాడు. ఇల్లు తన చేతిలో ఉందని ఇంతవరకూ ఆమెతో ఎవరూ అనలేదు. ఆవిడ వైపు తిరిగింది.

"షాట్ ఇక లేదు పిన్నిగారూ. సెట్టు... వదిలేశాం."

పిన్నిగారు ఆ ఖాళీ కుర్చీని ఒకసారి చూసుకుంది. తర్వాత పైటచెంగుతో కళ్ళజోడు తుడుచుకుని, సరే తల్లీ, ఆ మాట ముందే అంటే ఎంత బాగుండేది అంది. గుండెల మీంచి పెద్ద బరువు దిగినట్టు నిట్టూర్చింది.

అందరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. మామకు నోరు పెగిలింది. ఇంత పెద్ద టేకు కుర్చీని ఈ వయసులో ఎలా జరిపారండీ బాబూ, మా ఇద్దరికే నడుములు విరిగాయి అని మెచ్చుకున్నాడు.

పిన్నిగారు నొచ్చుకుంది.

"నేనా? నేను చూసి చెబుతానంతే. సామాను ముట్టుకోవడం నా పని కాదు మేస్త్రీ, నీకు తెలీదూ? సెట్టు మీద సామాన్లు సర్దేది సామాన్ల బాబాయి."

మామ నవ్వు సగంలో ఆగిపోయింది.

"పిన్నిగారూ... సామాన్ల బాబాయిని మేమే మోసుకెళ్ళి మట్టి చేసొచ్చాం. సీరియల్ ఆగిన ఏడే."

"ఏం మాటలవి," అంది ఆవిడ, వాళ్ళ భుజాల మీంచి వెనక్కి చూస్తూ. "అడుగో, అక్కడే నిలబడ్డాడుగా. బాబాయ్, విన్నావా? సెట్టు వదిలేశారట. ఇకమీదట ఈ అమ్మాయి ఎలా చెబితే అలా."

ఎవరూ వెనక్కి తిరగలేదు.

వెచ్చటి అల్లం టీ వాసన... దగ్గరగా వచ్చింది. అక్క చెవి పక్కనే ఒక మగ గొంతు, ఎంతో మర్యాదగా –

"ముందు ఏది పెట్టమంటారమ్మా?"

అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. కాళ్ళు పరిగెత్తమన్నాయి. కానీ తెల్లారేలోగా వంటిల్లు నిలబడాలి. మనసులో దేవుడికి ఒక్క దణ్ణం పెట్టుకుంది.

"బల్ల... ఆ పెద్ద బల్ల, కిటికీ పక్కన పెట్టండి బాబాయ్," అంది.

వెనకాల బల్ల కదిలింది.