రెండు వేళ్ళ తేడా

చూడనిదాన్ని చూశానని చెప్పడం నీకు సరదా. పక్కింట్లో ఏదైనా పోతే చాలు, "ఇంకెవరు, వాడే" అనేస్తావు. నిన్నెవరూ నిలదీయలేదు కాబట్టి హాయిగా నిద్రపోతున్నావు. కాసేపు నోరు మూసుకుని ఈ దర్జీ సంగతి విను.

ఆయన కొట్టు బజారు మలుపులో ఉండేది. ఒక కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం. మనిషిని ఒకసారి చూశాడంటే టేపు అక్కర్లేదని ఆయనకు పేరు. ఆ పేరంటే ప్రాణం. ఎదురుగా గడియారాలు బాగుచేసే ముసలాయన కొట్టు. ఇద్దరూ బావా అంటే బావా అనుకునేవారు.

"నీ గడియారాలు తలో టైము చూపిస్తాయేం బావా?"

"నువ్వు కుట్టిన లాగుకి కాళ్ళు తలో పొడవు ఉండవూ, అలాగే."

ఒక సాయంత్రం ఆ ముసలాయన్ని ఎవరో సుత్తితో కొట్టి చంపారు. కేక విని దర్జీ తలెత్తేసరికి ఒక మనిషి కొట్టులోంచి దూకి పరుగెత్తుతున్నాడు. కనబడింది వీపు మాత్రమే. ఎడమ భుజం కుడిదానికన్నా రెండు వేళ్ళు కిందికి జారి ఉంది. చొక్కా కుట్టేవాడు ఆ తేడా సర్దకపోతే బట్ట ఒక పక్కకి వేలాడుతుంది. దర్జీ కన్ను దాన్ని పట్టేసింది.

పోలీసులు గోడలకు సున్నం వేసేవాణ్ణొకణ్ణి పట్టుకొచ్చారు. ముందురోజు ముసలాయనతో గొడవపడ్డాడట. కోర్టు బోనులో వాణ్ణి చూడగానే దర్జీ కన్ను వాడి భుజాల మీదికి పోయింది. భుజాలు రెండూ చక్కగా సమానంగా ఉన్నాయి. కానీ అప్పటికే ఆయన బజారంతా చెప్పుకున్నాడు, "మొహం చూశాను, నా కన్ను తప్పుతుందా" అని.

ముద్దాయి తరపు వకీలు నెమ్మదిగా అడిగాడు. "ఈ కేసుకి మీ మాట ఒక్కటే ఆధారం. సహేతుకమైన అనుమానం ఏ కాస్త మిగిలినా ఇతన్ని వదిలేయాలంటుంది చట్టం. ఆలోచించి చెప్పండి. మీకు అనుమానమేమైనా ఉందా?"

వెనక బెంచీల మీద బజారు జనమంతా ఉన్నారు.

"లేదండీ. వాడే."

"ఒక్కసారి నావైపు సరిగ్గా చూడండి పెద్దాయనా," అన్నాడు బోనులోంచి సున్నాలవాడు. ఆయన చూడలేదు.

శిక్ష పడింది. ఏడాది తిరగకముందే వాడు జైల్లో పోయాడు.

ఆ తర్వాత ఒక వాన సాయంత్రం. కరెంటు పోయింది. దర్జీ దీపం ముట్టించుకుని గుండీలు కుడుతున్నాడు. చూరునీళ్ళు గుమ్మం ముందు ఒకటే చప్పుడు. ఉన్నట్టుండి పచ్చి సున్నం వాసన... గొంతులో మంట పుట్టేంత ఘాటుగా.

తలెత్తాడు. గుమ్మంలో ఎవరో వీధివైపు తిరిగి నిలబడి ఉన్నారు.

"చొక్కాకి కొలతలు తీయాలి."

గొంతు చాలా మెల్లగా ఉంది. దర్జీ టేపు తీసుకుని లేచాడు. వీపు మీద చెయ్యి వేశాడు. రాతిగోడను ముట్టుకున్నట్టు చల్లగా తగిలింది.

"భుజాలు ఎలా ఉన్నాయి?"

"సమానంగా ఉన్నాయి బాబూ."

"ఆ రోజు ఈ మాట చెప్పి ఉంటే సరిపోయేదిగా."

దర్జీ ఒక అడుగు వెనక్కి వేశాడు. పారిపోదామంటే గుమ్మంలో అతనే ఉన్నాడు.

"ఛాతీ... ఛాతీ కొలవాలి. ఇటు తిరుగు."

తిరిగాడు. వీపే.

"ఇటు..."

మళ్ళీ తిరిగాడు. మళ్ళీ వీపే. మెడ మీద తడిసిన జుట్టు. దర్జీ అద్దంలోకి చూశాడు. అందులోనూ వీపే.

"మొహం... మొహమేదీ..."

"మీరు చూశారుగా."

దీపం ఆరిపోయింది.

భార్య లాంతరు పట్టుకుని వచ్చేసరికి ఆయన మిషను కింద ముడుచుకుని ఉన్నాడు. కొట్టులో ఇంకెవరూ లేరు.

"ఇటు తిరగవే," అన్నాడు ఏడుస్తూ. "ఒక్కసారి ఇటు తిరుగు."

"మీ ఎదురుగానే కదండీ ఉన్నాను."

ఆ రోజు నుంచి ఆయనకు మనిషి మొహం కనబడలేదు. భార్యదీ కాదు, కూతురిదీ కాదు. అద్దంలో తనదీ కాదు. ఎవరు ఎటు తిరిగినా వీపులే. నిజం చెప్పేస్తానని కోర్టుకు వెళ్ళాడు. జడ్జి కుర్చీలోనూ వీపే. ఎవరికి చెప్పాలో తోచక, గోడకు చెప్పుకుని తిరిగొచ్చాడు. ఛాతీ కనబడని మనుషులకు చొక్కాలేం కుడతాడు? కొట్టు మూతపడింది.

భార్యే మిషను ముందు కూర్చుని కుట్టడం నేర్చుకుంది. మొదట ఆయనకే ఒక చొక్కా కుట్టి తొడిగింది. ఒక పక్కకి వేలాడింది. తన కుట్టే వంకర అనుకుని, విప్పించి, టేపు వేసి చూసింది.

మళ్ళీ కొలిచింది.

"ఏవండీ... మీ ఎడమ భుజం ఎప్పట్నుంచి ఇలా కిందికి జారి ఉంది?"

సరిగ్గా రెండు వేళ్ళు.