ఉలకని ఇద్దరు

చీఫ్ బల్లమీదికి తోసిన ఫోటోలో శవానికి ముఖం లేదు. వేలిముద్రలు కాల్చేశారు. బూట్లు మాత్రం తళతళా మెరుస్తున్నాయి.

"ఆర్మీ పాలిష్," అన్నాడు డిటెక్టివ్. పోలీసుల్లోకి రాకముందు యుద్ధం చూసొచ్చినవాడు, ఆ మాత్రం తెలుస్తుంది. "రిటైరైన సోల్జర్. ముస్తాబై ఎక్కడికో బయల్దేరాడు."

"ఇవాళ మధ్యాహ్నం మాజీ సైనికుల సమ్మేళనానికి. వీడి పాస్ పట్టుకుని విదేశీ ముఠా మనిషి లోపలికొస్తాడు. టార్గెట్ మేజర్. ముఠా గుట్టంతా ఆయన బుర్రలో ఉంది. రేపు కోర్టులో విప్పుతాడు."

"సమ్మేళనం ఆపించండి."

"ఆయన ఒప్పుకోలేదు. చస్తే నావాళ్ల మధ్యే చస్తానన్నాడు."

"మెటల్ డిటెక్టర్?"

"సగంమంది ఒంట్లో ఇనుపముక్కలున్నాయయ్యా, అది ఊరికే కూస్తుంది. తలో దళంవాళ్లు, ఒకరినొకరు ఎరగరు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టాలి." చీఫ్ గొంతు తగ్గించాడు. "స్టేజి మీద పాడేది మన డబుల్ ఏజెంట్. హంతకుడి ముఖం ఆమెకీ తెలీదు. నీ ముఖమూ తెలీదు. కోడ్ వర్డ్, 'గొడుగు తెచ్చారా?'"

ఒకప్పుడు కాలుతున్న బంకర్‌లోంచి డిటెక్టివ్‌ను భుజాన వేసుకుని మోసుకొచ్చింది ఆ మేజరే. ఆయన్ని చంపబోతున్నారని వింటే గుండె దడదడలాడాలి. ఏమీ కాలేదు. కూతురు పుట్టిననాడూ ఇంతే, తల్లి పోయిననాడూ ఇంతే. "మీతో కాపురం గోడతో చేసినట్టుందండీ," అంటుంది భార్య. ఆ మాటకూ అతనికి కోపం రాలేదు.

హాలు నిండా మెడల్స్, చేతికర్రలు, నెరిసిన మీసాలు. స్టేజి మీద నీలం గౌనులో ఆమె పాడుతోంది. చూసినవాడు చూపు తిప్పుకోలేని అందం. డిటెక్టివ్ తిప్పుకున్నాడు. మేజర్ ప్రతి బల్ల దగ్గరా ఆగి పలకరిస్తున్నాడు. ఆయన చుట్టూ ఎప్పుడూ ఓ పదిమంది. అందులో ఒకడు చంపడానికొచ్చినవాడు. ఎవడు?

వంటగది తలుపు పక్కన ఖాళీ స్టీలు ట్రేలు పేర్చిన బండి ఉంది. దాన్ని చూడగానే అతనికి ఉపాయం తట్టింది. పాపిష్టి ఉపాయమే. వీళ్లంతా చీమ చిటుక్కుమన్నా నిద్రలో లేచి కూర్చునేవాళ్లు. అయినా వేరే దారి లేదు.

బండిని ఒక్క తన్ను తన్నాడు.

హాలు దద్దరిల్లింది. మాజీ సైనికులంతా ఒక్కసారిగా నేలకు కరుచుకున్నారు. చక్రాల కుర్చీలోని ముసలాయన మోకాళ్లలో తల దాచుకున్నాడు. మేజర్ బల్లకిందికి దూరాడు.

ఆ బల్ల పక్కనే ఒక్కడు నిలబడే ఉన్నాడు. ఏం పడిందా అని మెడ తిప్పి చూస్తున్నాడు. మెడల్స్ వరస, కుంటినడక, అన్నీ నేర్పిన ముఠా ఇదొక్కటి నేర్పడం మరిచింది.

తప్పు తెలియగానే వాడి చేతికర్ర చివర విషపు సూది బయటికొచ్చింది. బల్లకింద మేజర్ మెడకు జానెడు దూరం. డిటెక్టివ్ దూకబోయి ఆగాడు. స్టేజి మీంచి ఆమె పిస్టల్ తన గుండెకేసే చూస్తోంది.

"గొడుగు తెచ్చారా?" అని అరిచాడు.

పిస్టల్ పక్కకు తిరిగి పేలింది. కర్ర ఎగిరిపడింది. డిటెక్టివ్ వాడిమీద పడి చేతులు విరిచికట్టాడు.

"ఇద్దరు నిలబడ్డారు," అంది ఆమె స్టేజి దిగి, పిస్టల్ దాచుకుంటూ. "ఎవరు నకిలీయో తెలీలేదు. ఇంకొంచెముంటే మిమ్మల్నే కాల్చేదాన్ని."

మేజర్ మోకాళ్లు దులుపుకుంటూ లేచాడు. "ఎవడ్రా ఆ బండి తన్నింది?"

"నేనే సార్. క్షమించండి."

"సరే, తన్నావు. ఈ తుపాకీ పేలినప్పుడైనా ఉలకలేదేంరా?"

"ఉలుకు రాదు సార్. బంకర్ తర్వాత ఎప్పుడూ రాలేదు."

మేజర్ అతన్ని ఎగాదిగా చూశాడు. కోపం దిగిపోయింది.

"అయితే ఆ రోజు నిన్ను సగమే మోసుకొచ్చానన్నమాట," అన్నాడు మెల్లగా. "మిగతా సగం కోసం మళ్లీ పోదామంటే నా నడుం ఒప్పుకోదు. రా, టీ తాగుదాం."

కప్పు తనే తెచ్చి చేతిలో పెట్టాడు. డిటెక్టివ్ ఒక గుక్క తాగాడు. నాలుక చుర్రుమంది, కళ్లలో నీళ్లు తిరిగాయి.

రిపోర్టులో టీ బాగా వేడిగా ఉందని మాత్రం రాశాడు.