ఐదో బావి దగ్గర ఉబ్బిన నేల

అల్జీరియా ఎడారిలోని ఆ గ్యాస్ కేంద్రంలో నా పని తేలికే. గ్యాస్ నుంచి వేరుచేసిన బొగ్గుపులుసు వాయువును మావాళ్లు గొట్టపు బావుల ద్వారా తిరిగి భూమి లోతుల్లోకి పంపేవారు. దానివల్ల పైన నేల ఎంత ఉబ్బిందో పదకొండు రోజులకొకసారి ఉపగ్రహం రాడార్‌తో కొలిచేది. మహా అయితే ఏడాదికి ఐదారు మిల్లీమీటర్లు. పుదీనా టీ తాగుతూ ఆ చిత్రాలు చూసేదాన్ని.

ఆ మార్చిలో ఐదో బావి పక్కన నేల ఒక్కసారిగా రెండు వేళ్ల మందం లేచింది. ఒక్కచోటే. సరిగ్గా సమాధి పొడవున.

డ్రైవర్ హమ్మూ నా భుజం మీదుగా చూశాడు. రెండేళ్ల కిందట అతని కొడుకు మూలూద్ ఆ బావి చూడటానికి వెళ్లి ఇసుక తుఫానులో చిక్కుకున్నాడు. బండి దొరికింది. మనిషి దొరకలేదు.

"లే యమీనా, పోదాం."

"గాలి లేస్తోంది బాబాయ్. రేపు చూద్దాం."

"రెండేళ్లుగా అందరూ రేపే అంటున్నారు బిడ్డా."

మధ్యాహ్నం మూడింటికే ఆకాశం ఎర్రబడి, గోధుమరంగుకు తిరిగి, చీకటైపోయింది. లైట్లు వేసుకుని వెళ్లాం. ఇసుక అద్దాలను గీరుతూనే ఉంది. బావి దగ్గర దిగగానే గాలి ఠక్కున ఆగిపోయింది.

హమ్మూ పార తీసుకుని తవ్వాడు. నడుము లోతు వచ్చేసరికి ముక్కులో పుల్లటి మంట. లైటర్ వెలిగించి గుంటలోకి దించాను. మంట ఆరిపోయింది.

"బాబాయ్, పైకి రా! కింద ఊపిరాడదు!"

అతను మోకాళ్ల మీద కూలబడి, చెవి నేలకు ఆనించాడు.

"ష్... పిలుస్తున్నాడు."

"ఎవరూ లేరు..."

అప్పుడు నాకూ వినిపించింది. అడుగునుంచి... గొంతులో ఇసుక నిండిన దగ్గు. నెమ్మదిగా... ఆగి ఆగి...

"నాన్నా..."

హమ్మూ తల వాలిపోయింది.

ఊపిరి బిగబట్టి తాడుతో దూకాను. అతని చంకల కింద ముడి వేస్తున్నాను. నా అరికాళ్ల కింద నేల పైకి లేచింది... దిగింది... మళ్లీ లేచింది. నిద్రపోతున్న మనిషి పొట్టలాగా.

ఎలా ఎక్కానో తెలియదు. తాడు బండికి కట్టి ముందుకు నడిపాను. అతను బయటపడ్డాడు. బండిలోకి ఎక్కించి, వెనక్కి చూడకుండా పోనిచ్చాను.

సగం దారిలో కళ్లు తెరిచాడు.

"మూలూదేనా బాబాయ్?" అన్నాను గుసగుసగా.



"గొంతు వాడిదే," అన్నాడు. "కానీ లోపల చాలామంది ఉన్నారమ్మా. నీ పేరడిగారు..."

నేను అతని వైపు తిరిగాను.

"చెప్పేశాను."